ఏడు వారాల ఆకు: దక్షిణార్ధగోళంలో స్నోడ్రాప్స్, ఒక కేస్ స్టడీ

స్నోడ్రాప్స్ అంటే చల్లటి దేశాల్లో చలికాలం చివర తెల్లటి చిన్న పూలు పూసే దుంప మొక్కలు. వాటిని పెంచాలని సలహా కోసం నా దగ్గరికి వచ్చేవాళ్లు దాదాపు అందరూ ఒకటే అడుగుతారు: "మా దగ్గర చలి సరిపోతుందా?" నేనూ చాలాకాలం ఆ ప్రశ్నతోనే మొదలుపెట్టేవాణ్ణి. ఈ కేసు తర్వాత మానేశాను. ఎనిమిదేళ్లు సాగిన వ్యవహారం ఇది. తోట యజమాని చేసిన పొరపాట్లు ఇందులో ఉన్నాయి, నేను చేసినవీ ఉన్నాయి. నష్టం ఎక్కువ తెచ్చినవి నావే. రాయడానికి ఆవిడ ఒప్పుకున్నారు. దేశం, ఊరు, దుంపలు అమ్మినవాళ్ల వివరాలు తీసేశాను.

నేపథ్యం

తోట దక్షిణార్ధగోళంలో, సుమారు 37 డిగ్రీల అక్షాంశం దగ్గర, కొండల దిగువన ఒక లోయలో ఉంది. అక్కడ చలికాలం జూన్ నుంచి ఆగస్టు వరకు. రాత్రిళ్లు 3 నుంచి 5 డిగ్రీలు, పగలు 12 నుంచి 14. అప్పుడప్పుడు తెల్లవారేసరికి గడ్డి మీద మంచు పేరుకుంటుంది, పది గంటలకల్లా కరిగిపోతుంది. సెప్టెంబర్ మధ్యకు పగలు 20 డిగ్రీలు దాటుతుంది. అక్టోబర్‌లో ఉత్తరం నుంచి వేడి గాలి వీచిందంటే ఒక్కోరోజు 30కి పోతుంది. ఎండాకాలంలో 40 చూసిన రోజులూ ఉన్నాయి. నేల బరువైన బంకమట్టి. వానలు ఏప్రిల్ చివర్లో మొదలై అక్టోబర్ దాకా పడతాయి.

ఆవిడ చాలా ఏళ్లు ఇంగ్లండ్‌లో ఉండి వచ్చారు. అక్కడ ఫిబ్రవరిలో చెట్ల కింద తెల్లగా పరుచుకునే స్నోడ్రాప్స్ ఆవిడ మనసులోంచి పోలేదు. నిజానికి అవి ఆ దేశంలో పుట్టినవి కావు. ఎప్పుడో ఐరోపా ఖండం నుంచి వచ్చి తోటల్లోంచి అడవుల్లోకి పాకినవని వృక్షశాస్త్రవేత్తలు అంటారు. 1753లో వృక్షశాస్త్రవేత్త లినేయస్ గాలాంథస్ నివాలిస్ అని పేరు పెట్టిన ఈ మామూలు స్నోడ్రాప్ సొంత ఇల్లు పిరెనీస్ కొండల నుంచి ఉక్రెయిన్ దాకా ఉన్న అడవులు. ఈ మాట మొదటిరోజే ఆవిడకు చెప్పాను. వలస వచ్చిన మొక్కే అంతగా స్థిరపడిందంటే ఇంకోచోటా స్థిరపడొచ్చు కదా అని ధైర్యం చెప్పడం నా ఉద్దేశం. ఆ ధైర్యం తొందరపాటని తర్వాత తెలిసింది.

సమస్య

నేను తోట చూడటానికి వెళ్లింది సెప్టెంబర్ రెండో వారంలో. అప్పటికి ఆవిడ రెండేళ్లుగా ప్రయత్నిస్తున్నారు. తోటలో మూడు రకాల దుంపలున్నాయి.

మొదటివి గేటు పక్కన గుత్తులు గుత్తులుగా పూసి ఉన్నాయి. ఒక నర్సరీలో "స్నోడ్రాప్" అని చీటీ పెట్టి అమ్మితే కొన్నారు. ఏమీ చేయకపోయినా ఏటా రెట్టింపవుతున్నాయి.

రెండోవి 30 నివాలిస్ దుంపలు. పై కొండల్లో పెంచే ఒకరి దగ్గర ఫిబ్రవరిలో, అంటే అక్కడి ఎండాకాలంలో, ఎండిన దుంపలుగా కొన్నారు. ట్యూలిప్ దుంపలకు చేసినట్టే ఫ్రిజ్‌లో కూరగాయల అరలో 10 వారాలు ఉంచి, మే నెలలో ఇంటి ఉత్తరం గోడ పక్కన నాటారు. మొదటి చలికాలం 11 మొలిచాయి, 4 పూశాయి. పూలు కూడా కాడ సాగక, మట్టికి ఆనుకుని విచ్చుకున్నాయి. రెండో ఏడు 6 మాత్రమే పైకి వచ్చాయి, ఒక్క పువ్వు లేదు. పొద్దున్నే వాటి మీద ఐస్ ముక్కలు కూడా వేశారట.

మూడోవి ఇంకా కుండీల్లో ఉన్నాయి: స్నోడ్రాప్‌లోనే మరో జాతి, గాలాంథస్ ఎల్వెసీ, 12 దుంపలు. అనుమతి ఉన్న దిగుమతిదారు ద్వారా ఉత్తరార్ధగోళం నుంచి వచ్చాయి. అక్కడ జూన్‌లో తవ్వినవి ఇక్కడ ఆగస్టు చివర చేతికి అందాయి. ఎనిమిదింటిని కుండీల్లో పెట్టారు. మిగిలిన నాలుగూ ఏం చేయాలో తెలియక కాగితం సంచిలో ఉంచారు.

ఆవిడ ప్రశ్న సూటిగా ఉంది: "గేటు దగ్గరవి ఇంత బాగా వస్తున్నాయి కదా. మరి గోడ దగ్గరవాటికి చలి ఎలా పెంచాలి?"

ఆ ప్రశ్నలో రెండు తప్పులు దాగి ఉన్నాయి. మొదటిది వెంటనే కనిపించింది, రెండోది కనిపించడానికి నాకు సగం రోజు పట్టింది.

పరిశీలన

గేటు దగ్గరి పువ్వు ఒకటి కోసి చేతిలో తిప్పి చూశాను. ఒకే కాడకు నాలుగు పూలు. ఆరు రేకులూ ఒకే పొడవు, ప్రతి రేకు కొసనా ఒక పచ్చ చుక్క. స్నోడ్రాప్‌కు కాడకు ఒక్కటే పువ్వు. బయటి మూడు రేకులు పొడవుగా, తెల్లగా ఉంటాయి. లోపలి మూడూ పొట్టివి, కొసన చిన్న గంటుతో, పచ్చ మచ్చతో ఉంటాయి. గేటు దగ్గరవి ల్యూకోజమ్ ఈస్టివమ్, స్నోఫ్లేక్ అని పిలిచే దగ్గరి చుట్టం. ఆస్ట్రేలియా లాంటి చోట్ల దీన్నే జనం స్నోడ్రాప్ అనేస్తారు. వేడినీ తడినీ బంకమట్టినీ ఓర్చుకుంటుంది.

"ఇవి స్నోడ్రాప్స్ కావండీ" అన్నాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే నా తోటలో స్నోడ్రాప్ ఒక్కటీ బాగా లేదన్నమాట" అన్నారు. బాధపెట్టే మాటే, కానీ అది తేలకపోతే మిగతాదేదీ తేలదు. గేటు దగ్గరి గుత్తుల్ని చూసి ఈ నేల, ఈ వాతావరణం సరిపోయినట్టేనని ఆవిడ అనుకున్నారు. అందుకే తప్పంతా చలి మీదికి వెళ్లింది.

ఉత్తరం గోడ సంగతి వింటే నవ్వొస్తుంది, కానీ దక్షిణార్ధగోళంలో తోట పెంచేవాళ్లలో ఈ తప్పు చేయనివాళ్లు తక్కువ. ఆవిడ దగ్గరున్న ఇంగ్లండ్ తోటపని పుస్తకంలో చల్లటి జాగా కావాలంటే ఉత్తరం వైపు నాటమని ఉంది. అక్కడ సూర్యుడు దక్షిణం వైపు తిరుగుతాడు కాబట్టి ఉత్తరం గోడ నీడలో ఉంటుంది. భూమధ్యరేఖకు దక్షిణాన ఉత్తరం గోడే రోజంతా ఎండ కాచుకునేది. నెలలను ఆరు జరుపుకోవాలని ఆవిడకు గుర్తుంది, దిక్కు తిప్పుకోవాలని తట్టలేదు. మధ్యాహ్నం 3 గంటలకు 8 సెంటీమీటర్ల లోతున థర్మామీటర్ గుచ్చాను. గోడ పక్కన 21 డిగ్రీలు. ఇంటికి దక్షిణాన ఆపిల్ చెట్టు కింద 13. ఒకే తోట, ఇరవై అడుగుల దూరం.

ఇక్కడితో ఆపేసి "చోటు మార్చండి" అని చెప్పి వచ్చేసేవాణ్ణే. కానీ ఆవిడ డైరీ రాస్తారు. పేజీలు తిప్పుతుంటే రెండు తేదీలు పట్టాయి. నివాలిస్ మొలకలు కనిపించింది జూలై 20. ఆకులు పండిపోవడం మొదలైంది సెప్టెంబర్ 10. ఏడు వారాలు.

ఇంగ్లండ్‌లో అదే మొక్క జనవరిలో ఆకు తీస్తే మే దాకా పచ్చగా ఉంటుంది, నాలుగు నెలలు. పువ్వు రాలాక ఆకులు ఇంకా పెరిగి, పువ్వున్నప్పటికంటే పొడవవుతాయి. దుంప వచ్చే ఏటికి తిండి దాచుకునేది అప్పుడే. ఏడు వారాల్లో ఏం దాచుకుంటుంది? ఆవిడ అనుమతితో ఒక దుంప తవ్వి నిలువుగా కోశాను. కుళ్లు లేదు, పురుగు లేదు, వేర్లు ఆరోగ్యంగా ఉన్నాయి. దుంప మాత్రం శనగగింజంత అయిపోయింది. పూసే సైజు దుంప గోళీకాయంత ఉండాలి. అది జబ్బుతో పోతున్న మొక్క కాదు, ఏటా కొంచెం కొంచెం ఆకలితో మాడుతున్న మొక్క.

ఫ్రిజ్ మాట కూడా తేల్చుకోవాలి. ట్యూలిప్‌ను ఫ్రిజ్‌లో పెట్టి వేడి ప్రాంతాల్లో పూయించడం నిజమే. కానీ అది ఒకసారి పూయించి పారేసే పని. పువ్వుకు కావలసిన సరుకంతా కొన్న దుంపలోనే ఉంటుంది, ఆకు ఎన్నాళ్లు నిలుస్తుందన్నది ఎవరికీ పట్టదు. పైగా ట్యూలిప్ దుంపకు గట్టి గోధుమరంగు పొర ఉంటుంది. స్నోడ్రాప్ దుంపకు ఉన్నది పలచటి పొర. పొడి గాల్లో వారాలు ఉంచితే లోపలి తేమ పోతుంది. ఫ్రిజ్ గాలి పొడిగా ఉంటుంది, పక్కన పండ్లుంటే అవి వదిలే ఇథిలీన్ వాయువు పూమొగ్గను చెడగొట్టగలదు. అన్నిటికన్నా, వరస తారుమారైంది. స్నోడ్రాప్‌కు ఆకు ఎండిపోయాక కొంత వెచ్చటి విశ్రాంతి కావాలి, పూమొగ్గ దుంపలో తయారయ్యేది అప్పుడు. తర్వాత నేల చల్లబడుతూ తేమ వస్తే వేర్లు సాగుతాయి. ఆ వేర్లతో నేలలో ఉండగా చలి తగిలితే కాడ నిలువుగా సాగుతుంది. ఆవిడ వేర్లు లేని ఎండు దుంపకు చలి ఇచ్చి, ఆ తర్వాత వెచ్చటి గోడ పక్కన నాటారు. కాడ సాగకపోవడానికి అదే కారణమని నా అంచనా. ఐస్ ముక్కల వల్ల నష్టం లేదు, లాభం అంతకంటే లేదు. గంటలో కరిగి బంకమట్టిని ఇంకాస్త తడిపాయి.

మొదటి నిర్ణయాలు

నివాలిస్ దుంపల్ని గోడ దగ్గర్నుంచి తీసేయాలి, అందులో సందేహం లేదు. ఎప్పుడు తీయాలన్నదే ప్రశ్న. ఆకు పచ్చగా ఉండగానే తవ్వి నాటడం ఇంగ్లండ్‌లో మామూలే, ఎండు దుంపకంటే అలా నాటినది బాగా బతుకుతుంది. కానీ ఇక్కడ ఆకులు సగం పండిపోయాయి. ఇప్పుడు వేర్లు కదిపితే మిగిలిన రెండు వారాల తిండి కూడా పోతుంది. పుల్లలు గుచ్చి గుర్తు పెట్టించి, ఆకు పూర్తిగా ఎండాక అక్టోబర్‌లో ఆపిల్ చెట్టు కిందికి మార్పించాను. ఆకు రాల్చే చెట్టే ఎందుకంటే, చలికాలంలో ఎండ కిందికి దిగాలి, ఎండాకాలంలో నీడ ఉండాలి. తోటలో పెద్ద యూకలిప్టస్ ఉంది, ఆవిడ అదే చూపించారు. అది ఏడాది పొడవునా నీడ ఇస్తుంది, నేలలో నీళ్లు మిగలనివ్వదు. వద్దన్నాను.

దిగుమతి దుంపలే అసలు తలనొప్పి. ఉత్తరార్ధగోళంలో తమ విశ్రాంతి మొదలవగానే అవి ఇక్కడి చలికాలం చివర్లో వచ్చి పడ్డాయి. వాటి లెక్క ప్రకారం రావలసింది వేసవి, తర్వాత శరత్తు. ఇక్కడ రాబోయేది వసంతం, ఆపైన మంట. రెండు దార్లు ఉన్నాయి. నాటి, పెరిగినంత పెరగనివ్వడం. లేదా నిద్రలోనే ఉంచి ఇక్కడి ఏప్రిల్ దాకా ఆపడం. రెండోది కాగితం మీద అందంగా ఉంటుంది, ఒక్క ఏడాదిలో క్యాలెండర్ సరిపోతుంది. కానీ జూన్‌లో తవ్విన దుంప ఏప్రిల్ దాకా అంటే పది నెలలు మట్టి బయట ఉండాలి. ఉల్లిపాయకే కష్టం, దీనికి ఇంకా కష్టం. కుండీల్లో ఉన్న ఎనిమిదింటినీ పెరగనిద్దామని, సంచిలోని నాలుగింటినీ కాస్త తేమ ఉన్న వర్మిక్యులైట్‌లో (తేమను పట్టి ఉంచే తేలికపాటి ఖనిజపు పొట్టు) చల్లటి గదిలో ఉంచి చూద్దామని నిర్ణయించాం. మార్చిలో విప్పితే నాలుగూ కాగితాల్లా ఉన్నాయి. ఊహించినదే, అయినా చూడటం వేరు.

కుండీల్లోవి సెప్టెంబర్ చివర మొలిచాయి. వాటిని ఇంటికి దక్షిణాన, పొద్దుటి వెలుగు మాత్రమే తగిలే చోట పెట్టించాను. కుండీ నేరుగా ఎండలో ఉంటే మట్టి వేడెక్కుతుంది కాబట్టి పెద్ద కుండీలో చిన్న కుండీ పెట్టి మధ్యలో తడి ఇసుక నింపారు. ఆకులు డిసెంబర్ మొదటివారం దాకా నిలిచాయి. పువ్వులు రాలేదు, నేను ఆశించనూ లేదు. ఆ ఏడాది వాటి పని ఆకు నిలబెట్టుకుని బతికి ఉండటమే.

నా తప్పు

ఆ ఎండాకాలానికి నేనిచ్చిన సలహా: దుంపల మీద మాగిన ఆకుల ఎరువు మందంగా పరవండి, డ్రిప్ పెట్టి వారానికి రెండుసార్లు నీళ్లివ్వండి, నేల వేడెక్కనివ్వకండి. కుండీలను కూడా ఆపిల్ చెట్టు కింద మట్టిలోకి దింపించాను. నివాలిస్ అడవి మొక్క, ఎండాకాలంలో మరీ ఎండిపోకూడదు అని నా అనుభవం. అది చల్లటి వేసవులున్న దేశాల అనుభవమని అప్పుడు గుర్తు చేసుకోలేదు.

ఫిబ్రవరిలో వారం రోజులు వరసగా 38 డిగ్రీలు దాటింది. మార్చిలో తవ్వి చూస్తే ఎనిమిది ఎల్వెసీ దుంపల్లో మూడు మెత్తగా, వాసన వేస్తూ ఉన్నాయి. వెచ్చటి నేల, దానికి తోడు నిలిచిన తడి. కుళ్లడానికి ఇంకేం కావాలి? నివాలిస్‌లో ఒకటే పోయింది.

ఎల్వెసీ సొంత ఊరు గుర్తుండి ఉంటే ఈ తప్పు జరిగేది కాదు. ఈ జాతికి పెట్టింది ఇంగ్లండ్ వృక్షశాస్త్రవేత్త హెన్రీ జాన్ ఎల్వెస్ పేరు. ఆయన 1874లో ఈ మొక్కను చూసింది స్మిర్నా దగ్గరి కొండల్లో, ఇప్పటి తుర్కియేలోని ఇజ్మీర్. అక్కడ చలికాలం తడి, వేసవి పొడి. ఆ దుంప వేసవి నిద్రలో నీళ్లు ఎరగదు. మేం నిద్రలో ఉన్నదాన్ని వారానికి రెండుసార్లు లేపి స్నానం చేయించినట్టయింది. రెండు జాతులకూ ఒకే సలహా ఇవ్వడం ఒక తప్పు. ఆపిల్ చెట్టుకు వేసవిలో నీళ్లు కావాలి, దాని కింద దుంపలకు వద్దు, ఆ తగువు ముందే చూడకపోవడం ఇంకో తప్పు.

దిద్దుబాటు పెద్దదేం కాదు. డ్రిప్ అసలు లేని చోట, ఓక్ చెట్టు కింద, మట్టిలో మూడోవంతు సన్న కంకర, మూడోవంతు ఆకుల ఎరువు కలిపి ఒక అడుగు ఎత్తున మడి కట్టించాం. ఆకుల పరుపు ఉంచాం, అది వేడిని ఆపుతుంది, నీటిని నిలపదు. వేసవిలో నివాలిస్ ఉన్న మూలకు మాత్రం మూడు వారాలకొకసారి కాస్త తడి. ఎల్వెసీకి చుక్క కూడా లేదు.

మలుపు

మూడో చలికాలానికి నివాలిస్ ఆకు ఆయుష్షు ఏడు వారాల నుంచి పదికి వచ్చింది. చోటు మార్చినందుకు ఫలితం కనిపించింది, కానీ అంతకుమించి పోదు. అక్టోబర్ వేడిని ఆపడం ఎవరి తరం? ఆవిడ షేడ్ నెట్ అడిగారు. ఒక నెల వేసి చూశాం. ఒకటి రెండు డిగ్రీలు తగ్గింది, వెలుగు కూడా తగ్గింది. ఆకు తిండి తయారు చేసేది వెలుగుతోనే కాబట్టి తీసేయించాను.

ఇక్కడ ఆలోచన తిరగేయాల్సి వచ్చింది. ఆకు కాలాన్ని వసంతం వైపు సాగదీయలేకపోతే, ముందువైపు సాగదీయొచ్చు కదా? ఈ తోటలో మే నుంచి ఆగస్టు దాకా స్నోడ్రాప్‌కు కావలసిన వాతావరణమే ఉంది: చల్లగా, తడిగా, మెత్తటి వెలుగుతో. మా నివాలిస్ ఆ కాలంలో సగం నేల కింద పడుకుని వృథా చేస్తోంది. చలి తక్కువైన చోట చలి పెంచాలని చూడటం కంటే, చలికాలం మొదలవకముందే లేచే మొక్కను వెతకడం మేలు.

అలాంటివి ఉన్నాయి. ఎల్వెసీలోనే ఉత్తరార్ధగోళంలో నవంబర్, డిసెంబర్‌లలో పూసే రకాలున్నాయి, ఇక్కడి లెక్కలో మే, జూన్. ఇంకా ముందుది గాలాంథస్ రెజినే-ఓల్గే. గ్రీస్‌లోని టైగెటస్ కొండల మొక్క, 1876లో గ్రీస్ రాణి ఓల్గా పేరు పెట్టారు. శరత్తులోనే, తరచు ఆకులు రాకముందే పూస్తుంది. ఆకులు చలికాలమంతా పెరుగుతాయి. దానికి పొడి వేసవి, కొంచెం ఎండ కావాలి. నైరుతి తుర్కియేలో గాలాంథస్ పెష్మెనీ కూడా ఇలాంటిదే, కానీ దొరకడం కష్టం, అడగలేదు.

మళ్లీ దిగుమతి చేద్దామా అని ఆవిడ అడిగారు. వద్దన్నాను. గాలాంథస్ ప్రజాతి మొత్తం సైటీస్ ఒప్పందం (ముప్పున్న మొక్కలు, జంతువుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసేది) రెండో అనుబంధంలో ఉంది. దేశం దాటించాలంటే అనుమతి పత్రాలుండాలి, ఆపైన మొక్కల క్వారంటైన్. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ లాంటి దేశాల్లో ఆ నిబంధనలు మరీ కఠినం. అంత చేసి తెచ్చినా మళ్లీ క్యాలెండర్ తిప్పే బాధ తప్పదు. తరాలుగా ఇక్కడే పెరిగిన దుంపలకు ఆ గొడవ లేదు. పై కొండల్లో పెంచే అదే వ్యక్తి దగ్గర 10 ముందు పూసే ఎల్వెసీ, 3 రెజినే-ఓల్గే దొరికాయి. ఈసారి ఎండు దుంపలుగా కాక, ఆగస్టులో ఆకులతో, మట్టి ముద్దతో, తడి కాగితంలో చుట్టి తెచ్చి అదే సాయంత్రం నాటాం.

ఫలితాలు

మరుసటి ఏడు మే మూడోవారంలో ఎల్వెసీ మొదటి పువ్వు. ఆవిడ ఫోన్ చేసి "ఇంకా చలే మొదలవలేదండీ, ఇదేంటి పూసింది!" అన్నారు. ఆకులు అక్టోబర్ మధ్య దాకా నిలిచాయి. డైరీలో 21 వారాలు. అదే తోట, అదే ఆకాశం. మూడేళ్లలో పది దుంపలు పిల్లలు పెట్టి 26 అయ్యాయి. రెజినే-ఓల్గే ఏప్రిల్ చివర పూస్తోంది. మూడింట్లో ఒకటి నత్తల పాలైంది, మిగతా రెండూ నెమ్మదిగా పిలకలు వేస్తున్నాయి.

దిగుమతి ఎల్వెసీలో బతికిన అయిదు తమంతట తాము సర్దుకున్నాయి. మొదటి పూర్తి చలికాలంలో ఆగస్టు చివర మొలిచాయి, ఆకులే. మరుసటి ఏడు ఆగస్టు మొదట్లో వచ్చాయి, రెండు పూశాయి. ఆ తర్వాతి ఏడు జూలై మధ్యలో, అయిదూ పూశాయి. అర్ధగోళం మారిన దుంపకు రెండు మూడేళ్లు ఇవ్వాలని అప్పట్నుంచి ముందే చెబుతున్నాను. ఆ రెండేళ్లలో పువ్వు రాలేదని తవ్వి చూసేవాళ్లే ఎక్కువ దుంపల్ని చంపుతారు.

నాకు అన్నిటికన్నా సంతృప్తినిచ్చింది విత్తనాల సంగతి. ముందు పూసే ఎల్వెసీ కాయలు పసుపు తిరిగి నేల మీద వాలగానే కోసి, ఎండబెట్టకుండా అదే రోజు ట్రేల్లో నాటించాను. స్నోడ్రాప్ గింజకు చివర తెల్లటి మెత్తటి తోక ఉంటుంది, చీమలకు ఇష్టం. అడవిలో ఆ చీమలే గింజల్ని మోసుకెళ్లి నాటుతాయి. ఇక్కడ ఒక ట్రే మొత్తం రాత్రికి రాత్రి ఖాళీ చేశాయి. ట్రే కింద నీళ్ల పళ్లెం పెట్టాక ఆగాయి. మరుసటి చలికాలం ఒక్కో గింజకు ఒక్కో సన్నటి ఆకు. నాలుగో ఏడు మొదటి పువ్వు. గింజ నుంచి వచ్చిన మొక్కకు మార్చుకోవలసిన క్యాలెండర్ లేదు, అది పుట్టిందే ఇక్కడి వరసలో. చీమలు ఎత్తుకెళ్లిన ట్రే కూడా పూర్తిగా వృథా కాలేదు. రెండేళ్ల తర్వాత గేటు దారిలో రాళ్ల సందుల్లో మొలకలు కనిపించాయి.

ఈ కేసు తర్వాత మార్చుకున్నవి

ఇప్పుడు ఎవరైనా చలి గురించి అడిగితే నేను తిరిగి మూడు సంగతులు అడుగుతాను. పువ్వు రాలాక మీ దగ్గర నేల ఎన్ని వారాలు చల్లగా ఉంటుంది? వాన చలికాలంలో పడుతుందా, ఎండాకాలంలోనా? మధ్యాహ్నం ఏ దిక్కు నీడ?

రెండో ప్రశ్న ఈ తోటలో అవసరం పడలేదు, కానీ దక్షిణార్ధగోళంలో చాలాచోట్ల అదే అడ్డం. చలికాలం పొడిగా, వేసవి వానలతో ఉండే ఎత్తు ప్రాంతాల్లో చలి పుష్కలంగా ఉన్నా దుంపలు పోతాయి. నిద్రలో తడి, మెలకువలో దాహం. అలాంటి చోట కుండీయే మేలు. వేసవిలో చూరు కిందికి లాగాలి, చలికాలంలో మనమే నీళ్లు పోయాలి. టాస్మానియాలో, న్యూజిలాండ్ దక్షిణ దీవిలో ఈ బాధలు తక్కువ. అక్కడ నివాలిస్ కూడా హాయిగా పెరుగుతుంది, నేను చెప్పిన ముందు పూసే రకాల అవసరం అంతగా లేదు.

మరో కొసన, ఖండాల మధ్యలో గడ్డకట్టే చలి ఉన్నచోట సమస్య తిరగబడుతుంది. ముందు పూసే రకాలు అక్కడ పనికిరావు, ఆకు బయట ఉండగానే గడ్డకట్టే చలి కొడుతుంది. నివాలిస్ మాత్రం మంచు దుప్పటి కింద భద్రంగా ఉండి, అది కరగగానే లేస్తుంది. మంచు కురవని, ఒట్టి చలి మాత్రమే ఉన్న ఏడాది అక్కడివాళ్లకు టెన్షన్.

ఉష్ణమండలంలో ఎత్తైన కొండల మీదివాళ్లూ అడుగుతుంటారు, "మాకు ఏడాదంతా 15 డిగ్రీలే" అని. ఏడాదంతా ఒకటే అయితే అదే ఇబ్బంది. దుంపకు ఎప్పుడు నిద్రపోవాలో, ఎప్పుడు లేవాలో చెప్పే మార్పు లేదు. వేడి మైదానాలవాళ్లకైతే సూటిగా వద్దనే చెబుతాను. తెల్లటి చిన్న పువ్వే కావాలంటే అదే కుటుంబంలోని తెల్ల రెయిన్ లిల్లీ ఉంది, వేడికి భయపడదు. కాస్త చల్లటి చోటైతే ల్యూకోజమ్. అది చులకన మొక్కేం కాదు, దాన్ని దాని పేరుతో పిలిస్తే చాలు.

నా పద్ధతిలో మారింది మరొకటి: తోట చూడటానికి ముందే ఆకు మొలిచిన తేదీ, పండిన తేదీ రాసి పంపమంటున్నాను. ఫోటోలకంటే ఆ రెండు తేదీలే ఎక్కువ చెబుతాయి. ఒక జాతికి సలహా ఇచ్చేముందు అది పుట్టిన కొండల్లో వాన ఏ నెలల్లో పడుతుందో చూసుకుంటున్నాను. ఆ మూడు కుళ్లిన దుంపల ఖర్చు నేను ఆవిడకు తిరిగి ఇచ్చాను, తీసుకోనన్నా ఇచ్చాను.

నివాలిస్ సంగతి చెప్పలేదు. ఇప్పుడు మూడు మిగిలాయి. తీసేసి ఆ చోట ఎల్వెసీ పెడదామని రెండుసార్లు చెప్పాను, ఆవిడ వినలేదు. ఏటా పది, పదకొండు వారాల ఆకు, పిలకలు లేవు. నాలుగో ఏడు ఒక పువ్వు, గత ఆగస్టులో ఒకటి. ఆ రెంటికీ డైరీలో చెరో పేజీ ఉంది.